పిల్లల కొలతకు పట్టర్: “ఎదుగుతారులే” అని పెద్దది కొనేముందు



జూన్‌లో యూనిఫామ్ కుట్టించేటప్పుడు మనందరం టైలర్‌తో అనే మాట ఒకటే: “కొంచెం వదులుగా పెట్టండి, ఎదిగే పిల్లలు.” బూట్లు కూడా ఒక సైజు పెద్దవే తీసుకుంటాం. రెండేళ్లు రావాలి కదా! ఇందులో తప్పేమీ లేదు. చొక్కా వదులైతే పిల్లలు చేతులు మడుచుకుంటారు, అంతే. చొక్కా వల్ల వాళ్ల నడక మారదు.

ఆట వస్తువుల సంగతి వేరు. కొలత సరిపోని వస్తువు చేతికిస్తే, దాన్ని మార్చుకోవడం పిల్లలకు రాదు. వాళ్లే మారిపోతారు. నడుము ఎక్కువ వంచుతారు, మోచేతులు బయటికి పెడతారు, మణికట్టు తిప్పుతారు. కొన్ని నెలల్లో అదే అలవాటైపోతుంది. ఆ తర్వాత సరైన కొలత వస్తువు కొన్నా, ఒంటికి పట్టిన అలవాటు అంత తొందరగా వదలదు.

మన పిల్లల్లో కొందరు వారాంతాల్లో గోల్ఫ్ నేర్చుకుంటున్నారు. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ ఉంది, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ ఉంది. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. పేరెంట్స్ మీటింగ్‌లో గోల్ఫ్ ప్రస్తావన వచ్చినప్పుడు తరచుగా వినిపించే ప్రశ్న, “ఏ కంపెనీది కొనాలి?” అని. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: “ఏ కొలతది కొనాలి?” ఈ నెల పాఠం దాని గురించే. గోల్ఫ్ ఆడని ఇళ్లవారు కూడా చదవండి. ఇందులో పదో తరగతి త్రికోణమితి ఉంది, కొంచెం ఫిజిక్స్ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా “నాకు రాదు” అనే పిల్లల మాట వెనక ఏముంటుందో చూసే ప్రయత్నం ఉంది.

సగం ఆట నేల మీదే

ముందుగా పేరు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే “పుట్టర్” అనాలనిపిస్తుంది. పలకాల్సింది మాత్రం “పట్టర్”. గోల్ఫ్‌లో ఒక ఆటగాడు తన సంచిలో గరిష్ఠంగా 14 క్లబ్బులు పెట్టుకోవచ్చు. దూరం కొట్టడానికి కొన్ని, ఇసుకలోంచి బయటికి తీయడానికి ఒకటి, ఇలా ఒక్కోదానికి ఒక్కో పని. హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. బంతి గ్రీన్ మీదికి చేరాక దాన్ని నేల మీదే దొర్లించి హోల్‌లో వేయడానికి వాడేది పట్టర్. అలా దొర్లించే దెబ్బను “పట్” అంటారు.

చూడటానికి ఇది చిన్న పని. లెక్క చూస్తే కాదు. మామూలుగా ఒక కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. చాలా కోర్సుల్లో మొత్తం 72 దెబ్బల్లో ముగించాలని లెక్క కడతారు. ఈ లెక్కలో ప్రతి హోల్‌కీ రెండు పట్‌లు కేటాయిస్తారు. అంటే 18 రెళ్లు 36. సగం ఆట పట్టర్‌తోనే! అయినా పిల్లలు ప్రాక్టీసుకు వెళ్తే బంతిని దూరంగా కొట్టడానికే సరదా పడతారు. తల్లిదండ్రులు కూడా డబ్బు ముందు పెద్ద క్లబ్ మీద పెట్టి, పట్టర్ విషయానికొస్తే నాన్నగారి పాతదో, అన్నయ్య వదిలేసిందో చేతికిస్తారు.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచి, ఒక్క దెబ్బ తేడాతో పతకం అందుకోలేకపోయింది. మన దేశంలో ఆ వారం ఎంతోమంది తెల్లవారుజామునే లేచి గోల్ఫ్ చూశారు. అదితి బంతిని దూరం కొట్టడంలో పోటీదారుల కంటే వెనకే ఉండేది. ఆమెను పతకం అంచు దాకా తీసుకెళ్లింది పట్టింగ్. చిన్న ఒళ్లు, తక్కువ బలం ఉన్న పిల్లలకు ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? పట్టింగ్‌కి బలంతో పని లేదు. నిలకడ కావాలి.

ఒక్క డిగ్రీ విలువ

ఇప్పుడు మా గణితం క్లాసులోకి రండి. హోల్ వ్యాసం 4.25 అంగుళాలు. ప్రపంచంలో ఎక్కడైనా ఇదే కొలత. బంతి నెమ్మదిగా వచ్చి హోల్‌లో పడాలంటే దాని మధ్య బిందువు హోల్ అంచుల లోపల ఉండాలి. అంటే హోల్ మధ్య నుంచి ఎడమకు 2.125 అంగుళాలు, కుడికి 2.125 అంగుళాలు మాత్రమే మనకున్న వెసులుబాటు.

బంతి 10 అడుగుల దూరంలో, అంటే 120 అంగుళాల దూరంలో ఉందనుకోండి. 2.125ని 120తో భాగిస్తే వచ్చే విలువ ఏ కోణానికి టాంజెంట్? దాదాపు 1 డిగ్రీకి. గోడ గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషంలో 6 డిగ్రీలు తిరుగుతుంది. అందులో ఆరో వంతు పక్కకు పోయినా బంతి హోల్ దాటి పోతుంది.

దూరాన్ని బట్టి వెసులుబాటు ఇలా మారుతుంది:

3 అడుగులు: సుమారు 3.4 డిగ్రీలు
6 అడుగులు: సుమారు 1.7 డిగ్రీలు
10 అడుగులు: సుమారు 1 డిగ్రీ
20 అడుగులు: సుమారు అర డిగ్రీ

ఇది నేల చదునుగా ఉన్నప్పటి లెక్క. వాలు ఉంటే గురి చూసే చోటే మారుతుంది. బంతి ఏ దిక్కుకు బయల్దేరుతుందో ఎక్కువగా నిర్ణయించేది, తగిలే క్షణంలో పట్టర్ ముఖం ఎటు చూస్తోందన్నదే. ఒక్క డిగ్రీ ఇంత విలువైనదైనప్పుడు, కొలత సరిపోక చేతులు వంకరపోతే ఎంత నష్టమో మీరే ఊహించండి.

తప్పు చేతిదా, పనిముట్టుదా?

పట్ తప్పితే ఎవరిని అనాలి? “ఆడలేక మద్దెల ఓడు” అని మనకు సామెత ఉంది. చేతకాని వాళ్లు పనిముట్టును తిడతారని దాని అర్థం. సామెత పెద్దల విషయంలో చాలాసార్లు నిజం. అయితే కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓటిదై ఉంటుంది. దాన్ని రుజువు చేసిన ఇంజనీరు ఒకాయన ఉన్నాడు.

నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన కార్స్టెన్ సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరు. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాడు. పట్టింగ్‌లో ఇబ్బంది పడ్డాడు. ప్రాక్టీసు పెంచడంతో ఊరుకోకుండా చేతిలోని పట్టర్‌ను ఇంజనీరు కళ్లతో చూశాడు. అప్పటి పట్టర్లలో చాలావాటికి తల సన్నగా ఉండేది. బంతి సరిగ్గా మధ్యలో తగలకపోతే తల చేతిలో మెలితిరిగేది. బరువును మధ్యలో నుంచి తీసి రెండు కొసలకూ పంచితే మెలి తగ్గుతుందని ఆయన ఆలోచన.

మనకిది కొత్త విషయం కాదు. కావడి మోసేవాళ్లను చూడండి. రెండు కొసలా బరువు ఉన్న కావడి బద్ద చప్పున గిర్రున తిరగదు. తాడు మీద నడిచేవాళ్లు పొడవాటి గడ అడ్డంగా పట్టుకునేదీ ఇందుకే. ఫిజిక్స్‌లో దీన్నే జడత్వ భ్రామకం అంటారు. పదకొండో తరగతి పాఠంలో వస్తుంది.

సోల్‌హైమ్ 1959లో తన ఇంటి గ్యారేజీలో ఒక పట్టర్ తయారు చేశాడు. బంతికి తగలగానే “పింగ్” అని మోగేది. అదే ఆ కంపెనీ పేరైంది. 1966లో చేసిన పట్టర్‌కు “ఆన్సర్” అని పేరు పెట్టమని ఆయన భార్య లూయీజ్ సలహా ఇచ్చారు. పట్టర్ మీద అక్షరాలకు చోటు చాలకపోతే స్పెల్లింగ్‌లోంచి డబ్ల్యూ తీసేయమన్నదీ ఆవిడే. ఇప్పటికీ చాలా కంపెనీల పట్టర్లలో ఆ ఆకారమే కనిపిస్తుంది.

ఈ కథ నేను క్లాసులో చెప్పేది ఒక కారణంతో. సమస్య వచ్చినప్పుడు “నాకు రాదు” అని ఆగిపోకుండా “ఎందుకు రావట్లేదు?” అని అడిగిన మనిషి ఆయన. పిల్లలు ఆ రెండో ప్రశ్న వేయాలంటే ముందు మనం వేయాలి.

చూడాల్సిన ఐదు కొలతలు

1. పొడవు. అన్నిటికంటే ముఖ్యం ఇదే. పెద్దల పట్టర్లు మామూలుగా 33 నుంచి 35 అంగుళాలు ఉంటాయి. ఒక చిన్న పోలిక చూడండి. పాప ఎత్తు 4 అడుగుల 6 అంగుళాలు, అంటే 54 అంగుళాలు. ఆమె చేతిలో నాన్నగారి 34 అంగుళాల పట్టర్ ఉంది. నాన్నగారి ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, అంటే 68 అంగుళాలు. ఇదే నిష్పత్తిలో నాన్నగారికి పట్టర్ ఇస్తే అది దాదాపు 43 అంగుళాలు ఉండాలి. ఆయన దాంతో ఆడగలరా?

పొడవు ఎక్కువైతే గుర్తులు ఇవి: పిల్లలు బంతికి దూరంగా నిలబడతారు. మోచేతులు పక్కలకు పొడుచుకొస్తాయి. పట్టర్ పై కొస పొట్టకో చొక్కాకో తగులుతుంది. పొడవు తక్కువైతే వీపు గుండ్రంగా వంగిపోతుంది, చేతులు కర్రల్లా బిగుసుకుంటాయి, కాసేపటికే నడుము నొప్పి అంటారు.

పొట్టకు తగలడం గురించి ఒక నియమం కూడా తెలుసుకోండి. 2016 జనవరి 1 నుంచి పట్టర్‌ను కావాలని ఒంటికి ఆనించి కొట్టడం నిషేధం. స్ట్రోక్ ప్లే పోటీలో అలా చేస్తే రెండు దెబ్బలు జరిమానా. మరీ పొడవైన పట్టర్‌తో నేర్చుకున్న పిల్లలు తెలియకుండానే పై కొసను పొట్టకు ఆనించే అలవాటు చేసుకుంటారు. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, పోటీలో పట్టించుకుంటారు.

2. బరువు. పెద్దల పట్టర్ తల బరువు సుమారు 350 గ్రాములు. 70 కిలోల మనిషికి అది తేలికే. 30 కిలోల పిల్లలకు అదే తల ఇవ్వడమంటే, నిష్పత్తి ప్రకారం పెద్దలకు 800 గ్రాముల తల ఇచ్చినట్టు. ఇది పోలిక మాత్రమే, కచ్చితమైన సూత్రం కాదు. తల బరువైతే పిల్లలు దాన్ని భుజాలతో ఊపలేక మణికట్టుతో విసురుతారు. దూరం అదుపులో ఉండదు. అలాగని మరీ తేలికైనదీ మంచిది కాదు. అది చేతిలో అటూ ఇటూ వణుకుతుంది.

అందుకే “పెద్దది కొని కర్ర కోయిద్దాం” అనే ఆలోచన సగమే పనికొస్తుంది. కోస్తే పొడవు తగ్గుతుంది. తల బరువు గ్రాము కూడా తగ్గదు. పిడి కూడా మళ్లీ వేయించాలి.

3. లై యాంగిల్. పట్టర్ తలను నేల మీద బల్లపరుపుగా ఆనించినప్పుడు కర్ర నేలతో చేసే కోణమే లై యాంగిల్. మామూలుగా 70 డిగ్రీల దగ్గర ఉంటుంది. నియమాల ప్రకారం కర్ర నిట్టనిలువు నుంచి కనీసం 10 డిగ్రీలైనా వాలి ఉండాలి. తలలో కర్ర వైపు భాగాన్ని హీల్, అవతలి కొసను టో అంటారు. పొడవాటి పట్టర్‌తో దూరంగా నిలబడ్డ పిల్లల పట్టర్ చూడండి. టో గాల్లోకి లేచి ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్లకు అలాంటప్పుడు ముఖం కొంచెం ఎడమకు చూస్తుంది.

ఎంత ఎడమకు? ముఖం వాలు 4 డిగ్రీలు ఉండి, కర్ర 5 డిగ్రీలు పక్కకు వాలితే తేడా సుమారు 0.35 డిగ్రీలు. ఇంతేనా అనిపిస్తుంది. 10 అడుగుల దూరంలో మనకున్న వెసులుబాటు మొత్తం 1 డిగ్రీ. అందులో మూడో వంతు పాప కొట్టకముందే ఖర్చయిపోయింది!

4. లాఫ్ట్. పట్టర్ ముఖం నిట్టనిలువుగా ఉంటుందనుకుంటాం. నిజానికి అది 2 నుంచి 4 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. కారణం ఉంది. గడ్డి మీద ఆగిన బంతి తన బరువుకు చిన్న గుంటలో కూర్చుంటుంది. దాన్ని ఆ గుంటలోంచి కాస్త లేపితేనే సాఫీగా దొర్లుతుంది. వాలు ఎక్కువైతే బంతి గెంతుతుంది, తక్కువైతే నేలకు అదిమినట్టై తొట్రుపడుతుంది. చేతులు ముందుకు వంచి కొట్టేవాళ్లకు వాలు తగ్గిపోతుంది, వెనక ఉంచేవాళ్లకు పెరుగుతుంది. పిల్లల విషయంలో దీని గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పొడవు సరిపోతే చేతులు వాటంతటవే సరైన చోటికి వస్తాయి. అప్పుడు లాఫ్ట్ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

5. పిడి. పిల్లల పెన్సిల్ పట్టు గురించి ఎల్‌కేజీలో ఎంత జాగ్రత్త తీసుకుంటామో గుర్తుందా? ఇదీ అంతే. మరీ లావైన పిడిని చిన్న చేతులు బిగించి పట్టుకోవాల్సి వస్తుంది. బిగిస్తే ముంజేతులు బిగుసుకుంటాయి, ఊపు పోతుంది. ఒక సంగతి గమనించండి. మిగతా క్లబ్బుల పిడి గుండ్రంగా ఉండాలి. పట్టర్ పిడికి మాత్రం ఒక వైపు చదునుగా ఉండటానికి నియమాలు ఒప్పుకుంటాయి. బొటనవేళ్లు ఆ చదును మీద పడితే ముఖం ఎటు చూస్తోందో చేతికే తెలుస్తుంది.

వీటితోపాటు తల తూకం కూడా చూస్తారు. కర్రను వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ముఖం ఆకాశం వైపు తిరిగితే ఒక రకం, టో నేల వైపు వేలాడితే ఇంకో రకం. తిన్నగా ముందుకూ వెనక్కూ ఊపేవాళ్లకు మొదటిది, కొంచెం వంపుగా ఊపేవాళ్లకు రెండోది నప్పుతుందని సాధారణంగా చెబుతారు. పిల్లల ఊపు ఏడాదికోసారి మారుతూనే ఉంటుంది కాబట్టి మొదట్లో దీని కోసం డబ్బు పెట్టకండి. కోచ్ సలహా తీసుకోండి, చాలు.

ఎడమా, కుడా?

పట్టర్ కొనేముందు బంతి దగ్గర ఏ వైపు నిలబడటం పిల్లలకు హాయిగా ఉందో వాళ్లనే చూపించమనండి. రాసే చేతిని బట్టి మనం నిర్ణయించేయకూడదు. ప్రపంచ ప్రసిద్ధ ఆటగాడు ఫిల్ మికెల్సన్ మిగతా పనులన్నీ కుడిచేత్తో చేస్తాడు, గోల్ఫ్ మాత్రం ఎడమచేతి వాటంగా ఆడతాడు. చిన్నప్పుడు నాన్నకు ఎదురుగా నిలబడి, అద్దంలో బొమ్మలా అనుకరిస్తూ నేర్చుకోవడమే కారణం. అలాగే ఎడమచేతి వాటం పిల్లలను “కుడిచేతి సెట్ ఇంట్లో ఉందిగా” అని తిప్పకండి.

ఇంట్లో చేసి చూడండి

దుకాణానికి వెళ్లకముందే అరగంటలో చేయగలిగిన పరీక్షలు ఇవి. టేపు, చాక్‌పీస్, ఒక బంతి, ఒక చీపురు కర్ర చాలు.

మొదటిది, నిలబడే తీరు. పట్టర్ లేకుండా పాపనో బాబునో నిలబడమనండి. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొంచెం సడలి, నడుము దగ్గర వంగి, చేతులు ఊరికే కిందికి వేలాడాలి. ఇప్పుడు రెండు అరచేతులూ కలపమనండి. అవి ఎక్కడ కలిశాయో అక్కడే పట్టర్ పిడి ఉండాలి.

రెండోది, కళ్లు. అదే భంగిమలో రెండు కళ్ల మధ్య, ముక్కు మొదట్లో బంతిని పెట్టి వదిలేయమనండి. కింద బంతి పెట్టుకునే చోటే అది పడాలి, లేదా పాదాల వైపు ఒకటి రెండు అంగుళాల లోపల పడాలి. అవతల పడితే మరీ వంగుతున్నట్టు. బాగా ఇవతల పడితే మరీ దూరంగా నిలబడుతున్నట్టు.

మూడోది, పొడవు. అదే భంగిమలో చీపురు కర్రను పట్టర్ లాగా ఏటవాలుగా పట్టుకోమనండి. కర్ర కింది కొస బంతి పక్కన నేలకు ఆనాలి. పైచేయి పై అంచు దగ్గర గుర్తు పెట్టి, కింది కొస నుంచి గుర్తు వరకు టేపుతో కొలవండి. దానికి ఒక అంగుళం కలిపితే మీరు దుకాణంలో అడగాల్సిన పొడవు దాదాపుగా తెలుస్తుంది.

నాలుగోది, ఎక్కడ తగులుతోంది? బంతికి చాక్‌పీస్ పొడి రాయండి. పది పట్‌లు కొట్టించి, ప్రతిసారీ పట్టర్ ముఖం మీద పడిన తెల్ల మచ్చ చూసి తుడవండి. మచ్చలన్నీ ఒకే చోట పడుతుంటే సంతోషం. ఎప్పుడూ టో వైపో హీల్ వైపో పడుతుంటే నిలబడే దూరం, పొడవు మరోసారి చూడాలి. అన్నివైపులా చెదిరిపోతే పట్టర్‌ను అనకండి, ఇంకా సాధన కావాలి.

ఐదోది, సైన్స్ క్లాసు పద్ధతి. ఇప్పుడున్న పట్టర్‌తో 6 అడుగుల నుంచి 20 పట్‌లు కొట్టించి ఎన్ని పడ్డాయో రాయండి. గ్లాసును అడ్డంగా పడుకోబెట్టినా చాలు. తర్వాత ఒక్క మార్పు చేయండి. ఉదాహరణకు పిడిని రెండు అంగుళాలు కిందికి పట్టించండి. మళ్లీ 20. రెండు మూడు రోజులు ఇలాగే చేసి పోల్చండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్క రోజు ఫలితం చూసి తీర్పు చెప్పకండి.

లెక్క రాసే పని పిల్లలకే ఇవ్వండి. తమ ఆటను తామే కొలుచుకునే పిల్లలు “ఈరోజు బాగా ఆడలేదు” అని ఊరుకోరు. “ఈరోజు 20లో 9 పడ్డాయి, ఎక్కువ కుడికి పోయాయి” అంటారు. మొదటి మాటలో బాధ మాత్రమే ఉంది. రెండో మాటలో రేపేం చేయాలో కూడా ఉంది.

కొలత చేయలేని పనులు

కొలత సరిపోయిన పట్టర్ మంత్రదండం కాదు. వాలు చదవడం, దూరానికి తగ్గ వేగం, ఓపిక, ఇవన్నీ సాధనతోనే వస్తాయి. కొలత చేసే మేలు ఒక్కటే: సాధన వృథా పోకుండా చూస్తుంది. వరుస కూడా ముఖ్యం. ముందు నిలబడే తీరు, తర్వాత పట్టర్. వంకరగా నిలబడ్డ పిల్లలకు ఆ వంకరకే సరిపడేలా పట్టర్ కొంటే, తప్పుకు కొలత తీసినట్టవుతుంది. కాబట్టి మొదటి కొన్ని వారాలు కోచ్ దగ్గరున్న పట్టర్లతోనే ఆడనిచ్చి, తర్వాత కొనండి.

ఒళ్లు అందరికీ ఒకలా ఉండదన్నదీ మరవకండి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. అతని వెన్నెముకలో వంపు ఉంది. పుస్తకంలో బొమ్మలా తన ఒళ్లు కదలాలని పట్టుబట్టకుండా, తన ఒంటికి వీలైన ఊపుతోనే ఆడతాడు. మన పిల్లలకూ కావాల్సింది పక్కింటి పిల్లల కొలత కాదు, వాళ్ల సొంత కొలత.

కొనేటప్పుడు గుర్తుంచుకోండి

వయసు చెప్పి కొనకండి, ఎత్తు చెప్పి కొనండి. ఆరో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి ఎత్తులో అరడుగు తేడా ఉండటం మేం రోజూ చూస్తాం. పిల్లల క్లబ్బులు ఎత్తు ప్రకారం మూడేసి అంగుళాల తేడాతో తయారుచేసే కంపెనీలు ఉన్నాయి.

కొద్దిగా పెద్దదైతే ఫర్వాలేదు. ఒక అంగుళం ఎక్కువుంటే పిడిని కిందికి పట్టుకుని ఆడవచ్చు. నాలుగైదు అంగుళాలు ఎక్కువుంటే వద్దు.

కొత్తదే కావాలని లేదు. పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి కొద్దిగా వాడిన పిల్లల పట్టర్లు దొరుకుతుంటాయి. క్లబ్‌లోనో కోచింగ్‌లోనో తోటి తల్లిదండ్రులను అడగండి. కొలత సరిపోయిన పాత పట్టర్, కొలత సరిపోని ఖరీదైన కొత్త పట్టర్ కంటే నయం.

ఆరు నెలలకోసారి మళ్లీ కొలవండి. స్కూల్లో హెల్త్ చెకప్ అయినప్పుడు ఎత్తు రాసి పంపుతాం కదా, ఆ రోజే కర్రతో ఇంకోసారి చూస్తే సరిపోతుంది.

దుకాణానికి పిల్లలను తీసుకెళ్లండి. “సర్‌ప్రైజ్” ఇద్దామని వాళ్లు లేకుండా కొంటే కొలతే ఉండదు. చేతికిచ్చి, నిలబడమని, పది పట్‌లు కొట్టించి చూడండి.

మా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు

1. హోల్‌కు 5 అడుగుల దూరంలో బంతి ఉంది. చదును నేల మీద దిక్కు ఎన్ని డిగ్రీలు తప్పినా బంతి పడుతుంది? (సమాధానం: సుమారు 2 డిగ్రీలు.)

2. దూరం రెట్టింపైతే వెసులుబాటు దాదాపు సగమవుతోంది. చిన్న కోణాలకే ఇలా ఎందుకు జరుగుతుందో టాంజెంట్ పట్టిక చూసి చెప్పండి.

3. మీ ఎత్తుకూ మీ క్రికెట్ బ్యాట్ పొడవుకూ ఉన్న నిష్పత్తి కట్టండి. అదే నిష్పత్తిలో మీ నాన్నగారి బ్యాట్ ఎంత పొడవుండాలి? ఇద్దరూ నిలబడి పోల్చి చూడండి.

మూడో లెక్క గోల్ఫ్ ఆడని పిల్లల కోసం. బ్యాట్, షటిల్ రాకెట్, స్కూల్ బ్యాగ్, చదువుకునే కుర్చీ, అన్నిటికీ ఇదే ప్రశ్న వేయవచ్చు. కాళ్లు నేలకు అందని కుర్చీలో గంటసేపు కూర్చోబెట్టి “కుదురుగా చదవడు” అనడం కూడా పెద్దల పట్టర్ చేతికివ్వడం లాంటిదే.

ఈసారి మీ పాపో బాబో ఏ ఆటలోనైనా, ఏ పనిలోనైనా “నాకు రావట్లేదు” అంటే, సమాధానం చెప్పేముందు ఒక్కసారి వాళ్ల చేతిలో ఏముందో చూడండి. వెంటనే కొత్తది కొనమని కాదు, వెంటనే మందలించమని అంతకన్నా కాదు. టేపు తీసి కొలవండి. కొలత సరిగ్గా ఉంటే సాధన చేయించండి. సరిగ్గా లేకపోతే ఆ మాట పిల్లలకు స్పష్టంగా చెప్పండి: “తప్పు నీది కాదు, ఇది నీ కొలతది కాదు.”

— గణిత ఉపాధ్యాయిని, హైస్కూల్ విభాగం